మరిది పూల్ కర్రకు తోలుబిళ్ల

మా మరిది పగలు మగ్గం నేస్తాడు, సాయంత్రమైతే ధర్మవరం బజారులో బల్లమీద కర్రతో బంతులు పొడిచే పూల్ ఆట ఆడతాడు. కదిరోళ్లతో పోటీ ఉండాదని, కర్ర కొసన అరిగిపోయిన తోలుబిళ్లను మార్చేదానికి రెండు తెచ్చినాడు. మెత్తంది బంతిని బాగా పట్టుకుంటుందంట, కానీ బిన్నా అణిగిపోతుందంట. గట్టిది చానా దినాలు వస్తుందని దాన్నే అంటించినాడు.

కొత్త చెప్పులు కరిస్తే మా ఇంట్లో బుడ్డల నూనె, అదే శెనక్కాయల నూనె, పూస్తాము. మరిది ఆ బిళ్లకు కూడా నూనె పూసినాడు, మెత్తబడుతుందని. పోటీకి ముందుదినం ఆడి చూస్తే కర్ర జారకుండా పూసే సుద్ద దానిమీద నిలబడలేదు, కర్ర బంతి మీద జారి పక్కకు పోయింది. మొగం వేలాడేసుకొని ఇంటికొచ్చినాడు.

"ఏమిరా, చెప్పు అనుకొంటివా దాన్ని?" అని మా ఆయన నవ్వినాడు.

"మెత్తంది ఉండాది కదప్పా, అది అంటించుకో" అంటి నేను.

"అది రెండు నెలలు కూడా రాదు వదినా."

"పోటీ రేపే కదా, రెండు నెలలతో ఏం పని?"

మరిది బ్లేడు తీసుకొని నూనె బిళ్లను గీకేసి మెత్తంది అంటించినాడు.

మరుసటి దినం గెలిచొచ్చినాడు. కర్ర కొస చూస్తే బిళ్ల అప్పుడే రవ్వంత అణిగి పక్కలకు విచ్చుకొనుండాది.

"పోనీలే వదినా, వచ్చేసారి కూడా మెత్తందే తెస్తా" అన్నాడు.