మునీరా తాయెత్తు

"బిడ్డ బతుకుతాదా, లేదా? ముందు అది సెప్పు డాక్టరమ్మా!" అని పుంగనూరు మైమూన్ బీ నిలదీసి ఏళ్లయినా, మదనపల్లెలో పసిగుండెలు స్కాన్ చేసే వీణకు ఆ గొంతు గుర్తే. అప్పటిలాగే ఇప్పటికీ జెల్లును అరచేతిలో వెచ్చబెట్టి పూస్తుంది. చల్లగా తగిలితే బిడ్డ ఏడుస్తుంది, తెరమీద బొమ్మ చెదురుతుంది. ఆ రోజు మనవరాలి ఎదమీది తాయెత్తు తీయడానికి మైమూన్ బీ ఒప్పుకోలేదు. వీణ దాన్ని భుజం మీదికి జరిపి, గుండెలోని రంధ్రాన్ని కొలిచింది. "చిన్నదే. పెరిగేకొద్దీ పూడుతుంది. బతుకుతుంది." "అట్లయితే సగం దుడ్లే ఇస్తా. మిగతాది మునీరా నడిచొచ్చి ఇస్తాది."

నిన్న ఆఖరి స్కానుకు మునీరా బడి యూనిఫాంలో వచ్చింది. పడుకుని, అలవాటుగా తానే తాయెత్తును భుజం మీదికి జరుపుకుంది. రంధ్రం పూడిపోయింది. "నడిచొచ్చింది కదా, నా దుడ్లేవీ?" అంది వీణ. "యాడ నడిచింది? బస్సులో వచ్చిందమ్మా!" అంది మైమూన్ బీ. ఆ సగం ఇంకా బాకీనే.