ఖర్జూరపు సాక

దోహాలోని అల్ అజీజియాలో మా అమ్మాయి వాళ్ళ ఫ్లాట్‌లో ఏసీ చలికి ఇడ్లీ పిండి పులవడం లేదని, మా అల్లుడు మొన్న వేడిని అదుపులో ఉంచే ఒక చిన్న కంట్రోలర్ కొనుక్కొచ్చి, దీనికి ఎంత పెద్ద హీటర్ కాయిల్ పెట్టాలి మామా అని అడిగాడు. చిన్నది పెట్టమని చెప్పాను. ఒకప్పుడు నేనూ ఇలాంటిదే కట్టాను.

ఖతర్‌కు వచ్చిన కొత్తలో నేనూ, మా మేనబావా ఇండస్ట్రియల్ ఏరియాలో లేబర్ క్యాంప్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాది గీజర్లు బాగుచేసే పని, అతనిది సైట్‌లో ఇనుము కట్టే పని. ఒక చలికాలం ఉదయం మా మేనమామ, అంటే బావ తండ్రి, తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడని ఫోన్ వచ్చింది. కంపెనీ సెలవివ్వలేదు. బావ ఏడవలేదు, నాకూ కన్నీళ్ళు రాలేదు. ఇద్దరం బూట్లు వేసుకుని డ్యూటీ బస్సెక్కాం.

ఆ సాయంత్రం బావ, దినాల నాటికి తండ్రి పేర సాక పోయాలన్నాడు. పోయినవారిని తలుచుకుని నేల మీద కల్లు ధారపోయడం మా ఇళ్ళలో ఉన్నదే. ఊళ్ళో తమ్ముడు పోస్తాడు కదా అన్నాను.

“ఆడు పోసేది ఆనిది. నాది నేను పొయ్యద్దా?” అన్నాడు.

ఇక్కడ గదిలో కల్లులాంటిది దొరికితే ముందు జైలు, తర్వాత ఇంటికి విమానం. అయినా కాదనలేక, కల్లుకు బదులు ఖర్జూరాలు పులియబెడదామన్నాను. మెస్‌లో వంట చేసే నిజామాబాద్ భాయ్, తాగుడంటే గిట్టని మనిషి, ఎందుకని అడక్కుండానే ఖర్జూరాలూ, రొట్టె పిండి పులియబెట్టే ఈస్టూ ఇచ్చాడు. చలికి అవి పులవవని నేను తొందరపడి పాత గీజర్ కాయిల్‌కు వేడెక్కగానే కరెంటు ఆపే దాని థర్మోస్టాటే తగిలించాను. గీజర్ థర్మోస్టాట్‌కు గోరువెచ్చన అంటే తెలియదు. అది ఆగేసరికి అంతా ఉడికి, ఈస్ట్ చచ్చి, పాయసం వాసన కొట్టింది. బావ చూసి, “ఇంకోటి జెయ్” అని మాత్రం అన్నాడు.

అల్ దోహా అల్ జదీదాలో దుకాణాలన్నీ తిరిగి, తక్కువ వేడికే ఆగిపోయే కంట్రోలర్, దానికి సరిపడే చిన్న కాయిల్ తెచ్చాను. బకెట్ నీళ్ళలో కాయిల్, ఆ నీళ్ళలోనే ఖర్జూరపు డబ్బా, డబ్బాకు వేడి కొలిచే తీగ కట్టి మంచం కిందికి తోశాం. ఈసారి బుడగలు లేచాయి.

దినాలు దగ్గరపడ్డాక సూపర్‌వైజర్ గదులు చూడటానికి వచ్చి, వంగి, బకెట్ బయటికి లాగాడు. అప్పుడు భాయ్ తలుపు దగ్గర్నుంచే, అది తనదనీ, రొట్టె పిండి పులియబెట్టుకుంటున్నాననీ హిందీలో చెప్పాడు. సూపర్‌వైజర్ మూత తీయకుండానే వెళ్ళిపోయాడు.

“మీ నాయినకని తెల్సు గాబట్టి అట్ల అన్న. మీరు తాగిన్రంటే నేనే పోయి చెప్త,” అన్నాడు భాయ్ మాతో.

ఆ శుక్రవారం పొద్దున క్యాంప్ వెనక ఇసుకలో బావ చుక్క కూడా నోట వేసుకోకుండా అంతా ధారపోసి, “తాగు నాయినా” అన్నాడు. ఇప్పుడైనా మాకు ఏడుపు వస్తుందేమోనని చూశాను. నురగ ఇంకిపోయింది, తడి మిగిలింది, అంతే. వచ్చి యూనిఫారాలు ఉతుక్కున్నాం.

ఇప్పుడు క్యాంపుల్లోని మనవాళ్ళు ఇంటి చావును ఫోన్‌లోనే చూస్తున్నారు, చితి అంటుకునేదాకా చూసి, ఫోన్ జేబులో పెట్టుకుని పనికి పోతున్నారు. కడసారి చూపు లేకనే మాకు ఏడుపు రాలేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. కానీ చూసినవాళ్ళ కళ్ళూ మాలాగే పొడిగా ఉన్నాయి.