కదలని తెలుపు

గిద్దలూరు బస్టాండు పక్కన నాది చిన్న జిరాక్సు దుకాణం. మధ్యాహ్నం బేరాలుండవు. ఆ ఖాళీలో ఫోన్లో శాటిలైట్ బొమ్మలు చూడడం అలవాటైంది. దక్షిణాన సముద్రం నడుమ మనుషులు లేని ఒక దీవి ఉంది, నల్లటి రాయి. దాని మీద మంచు పడిందా అని రోజూ చూసేవాణ్ణి. మబ్బూ తెలుపే, మంచూ తెలుపే. ముందు బొమ్మా తర్వాతి బొమ్మా మార్చి మార్చి చూస్తే తెలుస్తుంది. మబ్బు జరిగిపోతుంది, మంచు ఉన్నచోటే ఉంటుంది. ఎవరూ నేర్పకుండా ఇది పట్టుకున్నానని నాకు గర్వం.

మా అన్న కొమరోలు వైపు పల్లెలో గొర్రెలు మేపుతాడు. ఎండాకాలం చివర మందను ఎండిన వాగులోకి దింపి, ఇసుకలో గుంత తవ్వి నీళ్లు తాపుతాడు. నల్లమలలో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు వచ్చేస్తుంది. అందుకే ఇదివరకు గట్టు మీద నిలబడి కొండను చూశాకే దిగేవాడు. నా బొమ్మల సంగతి తెలిశాక నాకు ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టినాడు. నీ కళ్లే నమ్ముకో అన్నా అని నేను ఒక్కసారీ అనలేదు. ఆయన అడగడం నాకు బాగుండేది.

ఆ రోజు దీవి మీద మబ్బు విడిపోతుండగా అన్న ఫోన్ చేసినాడు. బొమ్మను నల్లమల వైపు జరిపినాను. కొండ మీద చిన్న తెల్లమచ్చ. ముందు బొమ్మలోనూ అక్కడే ఉంది.

"ఏదో ఉంది గానీ కదలడం లేదన్నా. వాన మబ్బైతే ఈపాటికి జరిగేది."

"సరే. నీ దీవిలో గొర్రెలుండాయా?"

"గడ్డే లేదు. రాయీ, మంచూ అంతే."

"అట్లయితే మనకెందుకది," అని నవ్వి, వాగులోకి దిగుతున్నానని పెట్టేసినాడు.

నేను దీవికి తిరిగి పోయినాను. మంచు బయటపడింది. ఆ సంబరంలోనే కొండ బొమ్మ మళ్లీ తెరిచినాను. మచ్చ కదల్లేదు, పెద్దదైంది. కదలకుండా అక్కడే కురుస్తోంది.

అన్న ఫోన్ కలవలేదు. దుకాణం తెరిచే వదిలి బండి తీసినాను. దారి పొడుగునా ఎండ. మబ్బు పట్టి ఉంటే అన్న గట్టెక్కి ఉండేవాడు. ఆ ఎండను చూసి బండి వేగం ఇంకా పెంచినాను.

వాగు నిండా ఎర్రనీళ్లు. అవతల గట్టున గొర్రెలున్నాయి, మనిషి లేడు. ఇవతల గట్టున నిలబడి ఉన్న వదిన నా వైపు తిరిగింది.

"ఏం లేదని చెప్పింది నువ్వేనంట."

"నేనే," అన్నాను. అన్నను పిలవడానికి నోరు రాలేదు. పిలిచినాక బదులు రాకపోతే? వదినే పిలిచింది. చాలాసేపటికి కంపచెట్ల వెనక నుంచి అన్న లేచినాడు, భుజాన తడిసిన గొర్రెపిల్ల. ముసలి గొర్రె ఒకటి నీళ్లు తాగకుండా గట్టెక్కితే, దాన్ని తిట్టుకుంటూ వెంటపోయినాడంట, మందా ఆయన వెనకే ఎక్కిందంట. వెనకబడిన గొర్రెపిల్లలు కొన్ని కొట్టుకుపోయినాయి.

కొన్నాళ్లకు మళ్లీ ఫోన్ చేసినాడు, ఏమీ జరగనట్టే. కొండ మీద ఎట్లుందని అడిగినాడు.

"నాకు తెలియదన్నా. గట్టు మీద నిలబడి నువ్వే చూడు."

ఇప్పుడు రోజూ మంద ఇల్లు చేరిందని ఆయన చెప్పేదాకా నేను దీవి తెరవను.