ఛాంపియన్ల జగ్గయ్య

తెలుగువాళ్లు చెరకు తోటల్లో కూలికి వచ్చి స్థిరపడిన ఆ దీవిలో, టేర్ రూజ్ ఊళ్లో జగ్గయ్యను ఎరగనివాడు లేడు. పోర్ట్ లూయిస్ రేవులో చక్కెర బస్తాలను పడవ మీద ఓడలకు చేర్చడం ముప్పై ఏళ్లుగా అతని పని. చదువు సున్నా. కానీ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ 1908 నుంచి ఎప్పుడెవరు గెలిచారో భజనలో చరణం అందుకున్నట్టు అప్పజెప్పేవాడు.

"ఎనిమిదిలో ఇంగ్లీషోళ్లు. పన్నెండులో మళ్లీ ఆళ్లే. పదహారులో యుద్ధం, ఆట లేదు. ఇరవైలో బెల్జియం. ఇరవైనాలుగులో ఉరుగ్వే. ఇరవయ్యెనిమిదిలో కూడా ఉరుగ్వే."

ఆట లేని ఏడాదిని కూడా వదిలేవాడు కాదు. ఖాళీ చోటును ఖాళీ అని చెప్పాలి, దాటిపోకూడదు అనేవాడు.

ఈ కబుర్లన్నీ ఓడల వాళ్ల దగ్గరే సంపాదించాడు. వాళ్ల భాష ఇతనికి రాదు. అందుకని బంతి తన్నినట్టు కాలు చూపించి, దేశాల పేర్లు ఒక్కొక్కటీ నోటిపాఠంగా చదివేవాడు. గెలిచిన దేశం పేరు రాగానే నావికుడు తల ఊపేవాడు. అంతే, ఆ పేరు జగ్గయ్య నోట్లో పడిపోయేది.

పెళ్లాం ముత్యాలమ్మకు ఇదంతా చిరాకు. "ఏ దేశపోళ్లో బంతి తన్నితే ఆళ్ల పేర్లు నోటికొచ్చు. సొంత తాత పేరు మాత్రం రాదు" అనేది.

ఆ మాట ముల్లులా దిగేది, ఎందుకంటే నిజం. ఏటా పెద్దల అమావాస్యకు నీళ్లు వదిలేటప్పుడు ఆంజనేయులు పంతులు తండ్రి పేరు అడిగితే "రాములు" అని చెప్పేవాడు. తాత పేరు అడిగితే తల దించుకునేవాడు. తండ్రి తన నాలుగో ఏటే పోయాడు. తాత పేరు తెలిసిన మనిషి ఈ దీవిలో ఒక్కతే, తల్లి పోలమ్మ. మావ పేరు కోడలు నోట రాకూడదన్నది ఆమె పట్టు. ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు. "ఏటి నాయనా, నన్ను పాపంలోకి దించుతావా?"

1930 ఆగస్టులో పోలమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చూపు నిలుస్తుంది, మాట తెలుస్తుంది, తల కాస్త కదులుతుంది. ఎక్కువ రోజులు బతకదన్నాడు వైద్యుడు. ఆమెతోపాటు ఆ పేరు కూడా మట్టిలో కలిసిపోతుందని జగ్గయ్యకు అన్నం సయించలేదు.

ఆ దిగులులోనే రేవులో ఒక తప్పు చేశాడు. ఆ ఏడు ఉరుగ్వేలో మొట్టమొదటి ప్రపంచ కప్పు జరిగింది. ఒక ఓడ వంటవాణ్ని పట్టుకుని దేశాలు చదివితే, అర్జెంటీనా దగ్గర గట్టిగా తల ఊపాడు. జగ్గయ్య అక్కడే ఆపేసి రేవంతా చాటాడు. వారం తిరక్కుండా వేరే ఓడవాళ్లు తేల్చారు. గెలిచింది ఉరుగ్వే, నాలుగు-రెండు గోల్స్‌తో.

తోటి పడవవాడు పియర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ వంటవాడిది అర్జెంటీనాయేరా. నీ ఊరు టేర్ రూజేనా అంటే నువ్వు తల ఊపవూ? జాబితా చివరిదాకా చదవకుండా ఎవడు ఆపమన్నాడు నిన్ను?"

జగ్గయ్య తెడ్డు పక్కన పెట్టేశాడు. ఇన్నేళ్లూ అమ్మను చెప్పమనే అడిగాడు. తాను చదివి ఆమెను తల ఊపమని ఒక్కసారీ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే ఇంటికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "అమ్మా, నువ్వు పలకొద్దు. నేను సదువుతాను. తాత పేరొస్తే తల ఊపు. పాపముంటే నాకే తగల్నీ."

పోలమ్మ కళ్లు అతని మీద నిలిచాయి.

"సింహాద్రి. పైడయ్య. నూకన్న. గురువులు. జోగులు. ఎర్రయ్య." తనకు తెలిసిన తెలుగు పేర్లన్నీ చదివాడు. తోటల్లో చచ్చిపోయిన ముసలాళ్ల పేర్లు చదివాడు. తల కదల్లేదు. గొంతు ఎండిపోయింది. ముత్యాలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అయిపోయినట్టేనా?" అంది మెల్లగా.

అయిపోలేదు. జాబితాలో ఒక్క పేరు మిగిలింది. అది చదవాలని ఇంతదాకా అతనికి తోచనే లేదు. తన పేరు చెరకు ఎస్టేటు గుమాస్తా తోచింది రాసిందే అనుకుంటూ బతికాడు. ఆ రోజుల్లో చాలామందికి పేర్లు అట్లాగే పడ్డాయి. కానీ అమ్మ తనను నలభై ఎనిమిదేళ్లలో ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. కోపంలోనూ "నాయనా" అనే అంది.

"జగ్గయ్య" అన్నాడు.

పోలమ్మ కళ్లు మూసుకుంది. తల ఊపింది. వంటవాడు గుర్తొచ్చి, జగ్గయ్య పేర్లన్నీ చివరినుంచి మళ్లీ చదివాడు. తన పేరును మధ్యలో ఎక్కడో కలిపాడు. తల అక్కడే ఊగింది, ఇంకెక్కడా కాదు.

ఆ ఏడు పెద్దల అమావాస్య పొద్దున ఏటి ఒడ్డున పంతులు అడిగాడు. "తాత పేరు?"

"జగ్గయ్య."

"నీ పేరు కాదయ్యా. మీ తాతది."

"అదేనండి" అని దోసిలి వంచాడు. నీళ్లు జారిపోయాక కూడా చేతులు అట్లాగే ఉంచాడు.