బ్యారన్‌లో దొరికిన మీటర్లతో గన్నవరం దాకా

ఎ.కొండూరు దగ్గర మా మామగారి పొలంలో పొగాకు కాల్చి ఆరబెట్టే పాత బ్యారన్ కొట్టం ఒకటి ఉంది. పోయిన నెల దాన్ని పడగొట్టిస్తుంటే అటక మీద గోనెపట్టాల కింద విమానం సామాను బయటపడింది. ఒక రెక్క ముక్క, రెండు పంపులు, నాలుగు గుండ్రటి మీటర్లు. మామగారి తండ్రి ఎప్పుడో పాత ఇనుము వేలంలో కొన్నారని తప్ప ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు.

మా మూడేళ్ళ ఆద్య ఒక మీటరును బొమ్మలా ఎత్తుకుని తిరిగింది. ఫోనులో వెతికితే, పాత విమానాల మీటర్లలో అంకెలు చీకట్లో వెలగడానికి రేడియం కలిపిన రంగు వేసేవారని, అది ఒంట్లోకి పోతే ప్రమాదమని చదివాను. గన్నవరంలో ఒక పెద్దాయన ఉన్నారు, విమానాల మీటర్లు బాగుచేసి రిటైరయ్యారు, ధర కట్టి చెబుతారని మా ఆయన స్నేహితుడు అన్నాడు. ఇంట్లోవాళ్ళకు కావలసింది ధర. నేను బయల్దేరింది మాత్రం పాపకు ఏమైనా అయిందేమో తెలుసుకోవడానికి.

తిరువూరులో ఉదయం ఆరుంపావుకు విజయవాడ బస్సు ఎక్కాం. అత్తయ్య, నేను, పాప. ఆధార్ చూపిస్తే మాకు ఉచిత టికెట్టు ఇచ్చారు గానీ సామానున్న సంచికి లగేజీ కొట్టారు.

“ఏంటమ్మా ఈ బరువు, పుట్టింటికి రోలు మోసుకెళ్తున్నారా?” అన్నాడు కండక్టరు.

సంచిని డ్రైవరు వెనక పెట్టాను. అత్తయ్య వెళ్ళి తెచ్చి పాప కాళ్ళ కింద పెట్టింది. మళ్ళీ తీసుకెళ్ళి అక్కడే పెట్టాను.

“నీ భయాలు పాడుగాను! ఎవడన్నా ఎత్తుకుపోతే?” అంది అత్తయ్య.

మైలవరంలో ఎక్కినావిడ ఆ సంచి పక్కనే కూర్చుని లోపలికి తొంగిచూసింది. “ఇత్తడా అండీ? భలే మెరుస్తున్నాయే!”

“చింతపండు పెట్టి నేనే తోమానండి. అమ్మేదానికి కాస్త కళ ఉండాలిగా,” అంది అత్తయ్య గొప్పగా. ఆవిడ తోమిన రోజు నేను బ్యాంకు పరీక్ష రాయడానికి వెళ్ళాను. వచ్చేసరికి మీటర్లు గుమ్మం పక్కన వరుసగా ఎండుతున్నాయి. నాకు అప్పుడు ఏమీ అనిపించలేదు.

తొమ్మిదికి ముందే విజయవాడలో దిగి, బస్టాండులో ఇడ్లీ తిని, సిటీ బస్సులో గన్నవరం చేరాం. పెద్దాయన వరండాలో బల్ల మీద గుడ్డ పరిచి ఒక్కొక్కటీ బయటికి తీశారు. పంపులు ఇంధనానివన్నారు, తుప్పు పట్టాయి కాబట్టి తూకానికే పోతాయన్నారు. రెక్క ముక్క మీద రంగు మిగిలి ఉంది, పాత వస్తువులు దాచుకునేవాళ్ళు కొంటారన్నారు. తర్వాత విమానం ఎంత ఎత్తులో ఉందో చూపే మీటరును చేతిలోకి తీసుకుని ఆగిపోయారు. దాని అద్దం లేదు. అంకెలూ లేవు. వెనక రేకు మీద నంబరు కూడా అరిగిపోయింది.

లోపలికి వెళ్ళి, రేడియేషన్ ఉంటే మోగే చిన్న యంత్రం తెచ్చి దాని దగ్గర పెట్టారు. వేడి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు మోగింది. వెంటనే చేతులు కడుక్కుని వచ్చారు.

“దీన్ని ఎవరు తోమారమ్మా?”

“నేనేనండి. అద్దం పగిలి ఉంటే తీసేశాను. మరి మా పిల్ల దాంతో ఆడుకుంది గానీ, చీకట్లో ఎప్పుడూ వెలగలేదండీ.”

“వెలుగు ఎప్పుడో ఆరిపోతుందమ్మా. రేడియం ఆరదు. అంకెల మీది పొడి ఏమైంది?”

“నీళ్ళలో పోయింది.”

“అప్పుడు పాప ఎక్కడుంది?”

అత్తయ్య నా వైపు చూడలేదు. “పక్కనే ఉందండి. చెంబుతో నీళ్ళు పోసింది. మారాం చేస్తుంటే... చింతపండు కాస్త చేతిలో పెట్టాను, చీకుతుందని.”

ఆయన ఆ యంత్రాన్ని అత్తయ్య చేతుల మీద, తర్వాత ఆద్య చేతుల మీద, జుట్టు మీద, గౌను మీద తిప్పారు. మోగలేదు. ఆటేమో అనుకుని ఆద్య రెండో చెయ్యి కూడా చాపింది.

“పైన ఏమీ లేదు. లోపలికి పోయిందో లేదో ఇది చెప్పలేదు. ముందు డాక్టరుకు చూపించండి,” అన్నారు. అధికారులకు తనే చెబుతానని మీటర్లు నాలుగూ డబ్బాలో వేసి మూతపెట్టి ఉంచేసుకున్నారు. పంపులూ రెక్క ముక్కా కూడా మేం అక్కడే వదిలేశాం. ఇది చదువుతున్న మీలో ఎవరికైనా ఇలాంటివి దొరికితే తోమకండి, పిల్లలకు అందనివ్వకండి. ధర సంగతి తర్వాత.

మధ్యాహ్నం విజయవాడలో పిల్లల డాక్టరుకు చూపించాం. ఇలాంటి కేసు తను చూడలేదని ఆయన ఒప్పుకున్నారు. మూత్రం పరీక్షకు హైదరాబాదు పంపాలి, ఫలితం ఆలస్యంగా వస్తుంది, ఒకవేళ ఉన్నా ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండాల్సిందే అన్నారు. ఆద్య నర్సు ఇచ్చిన బిస్కెట్టు తింటూ గోడ మీద ఏనుగు బొమ్మతో మాట్లాడుతోంది.

సాయంత్రం నాలుగున్నరకు తిరుగు బస్సు. మా మధ్య చోటు వదిలి అత్తయ్య కిటికీ వైపుకి జరిగింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. ఇబ్రహీంపట్నం దాటాక ఆద్య ఆమె ఒళ్ళోకి పాకబోయింది.

“నేను ముట్టుకోవచ్చా అమ్మాయ్?”

“ముట్టుకోవచ్చు అత్తయ్యా. మీ చేతులక్కూడా ఏమీ లేదన్నారుగా.”

అయినా చేతులు బయటికి తియ్యలేదు. పాప ఆమె తొడ మీద తల పెట్టి నిద్రపోయింది. నాకు అత్తయ్య మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ మీటర్లు గుమ్మం పక్కన ఎండుతుంటే వాటిని దాటుకుంటూ లోపలికి వెళ్ళింది నేనే. దారంతా ఆద్య ఊపిరి వింటూ కూర్చున్నాను. పొద్దున కూడా పాప ఇలాగే ఊపిరి తీసింది. తేడా ఏమీ తెలియలేదు. తెలియదట కూడా.

తిరువూరులో మా ఆయన బండితో ఎదురొచ్చారు. ఖాళీ సంచి చూసి ఆయన ముఖం వెలిగింది.

“అన్నీ ఇచ్చేశారా? ఎంతన్నారు?” అని నన్నడిగారు.

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య మా మధ్యకు వచ్చి నిలబడింది.

“దాన్నేం అడగకురా,” అంది. “నన్నడుగు.”