సెలవులోనూ నలుపే

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, ఓ వానాకాలంలో, నన్ను గోదావరిఖని వైపు ఒక బొగ్గుగని దవాఖానకు సీనియర్ సర్జన్‌గా బదిలీ చేశారు. ఓపీకి వచ్చే కార్మికుల్లో చాలామందికి కఫం నల్లగానే పడేది. పదిహేను రోజుల్లో నలుపు నా కంటికి మామూలైపోయింది. అదే ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

పోశం సపోర్ట్‌మన్. అంటే భూగర్భంలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టేవాడు. నీరసమని వచ్చాడు. పరీక్షలో రక్తం తక్కువగా ఉంది. విరేచనం నల్లగా అవుతోందని చెప్పి, "బొగ్గు మింగెటోనికి నల్లగ గాక తెల్లగైతదా సార్" అని తనే నవ్వాడు. నేనూ నవ్వి ఐరన్ మాత్రలు రాశాను. ఆ మాత్రలకూ విరేచనం నల్లబడుతుంది. ఉన్న ఒక్క గుర్తునూ నా చేత్తో నేనే కప్పేశాను.

నెల తిరక్కుండానే, ఫస్ట్ షిఫ్టులో కళ్లు తిరిగి పడ్డాడని స్ట్రెచర్ మీద తెచ్చారు. నాడి చేతికి సరిగా అందలేదు. అతని భార్య రాజవ్వ నెమ్మదిగా చెప్పింది: "మొన్న ఎండకాలం ఇరవై దినాలు సెలవు పెట్టి ఊర్లనే ఉండె సార్. బొగ్గు మొఖం సూడలే. అప్పుడు గూడ నల్లగనే అయింది. మీరు అడుగలే, మేం చెప్పలే."

అంటే ఆ నలుపు బొగ్గుది కాదు, కడుపులో కారుతున్న రక్తానిది.

రక్తం ఎక్కించి, నాడి నిలబడ్డాక ఎండోస్కోపీ చేశాను. జీర్ణకోశం కింది భాగంలో కోడిగుడ్డంత గడ్డ, దాని నెత్తిన పుండు, అందులోంచి రక్తం. క్యాన్సరే అనుకున్నాను. నా ఆలస్యానికి ఈ మనిషి పోతాడని భయపడ్డాను. గొట్టంలోంచి పంపిన చిన్న పట్టకారుతో గడ్డను నొక్కితే సొట్టపడి మళ్లీ పొంగింది. కొవ్వుగడ్డ లక్షణమది. సీటీ స్కాన్‌లోనూ కొవ్వేనని తేలింది. అలాంటిది చిన్నగా ఉండి, బాధ పెట్టకపోతే దాని జోలికి పోము. రక్తం కారుతుంటే మాత్రం తీసెయ్యాల్సిందే.

ఆపరేషన్‌కు ముందు పోశం, "గట్టిగున్నదా సార్, మెత్తగున్నదా?" అని అడిగాడు. మెత్తగా ఉందన్నాను. అతని ముఖం పాలిపోయింది. గనిలో పైకప్పును కర్రతో తట్టి చూస్తారు. మెత్తగా, డొల్లగా మోగితే కూలడానికి సిద్ధంగా ఉన్నట్టు. కడుపులో లెక్క వేరని, మెత్తగా ఉంటేనే మంచిదని చెప్పినా నమ్మలేదు. థియేటర్లో మత్తు ఎక్కేదాకా నా చెయ్యి వదల్లేదు. తీసిన గడ్డను ల్యాబ్‌కు పంపాను. రిపోర్టు వచ్చేదాకా నాకూ అన్నం సయించలేదు. వట్టి కొవ్వేనని వచ్చింది.

పోశం బతికాడు. ఆ తర్వాత ఏ కార్మికుడికి ఐరన్ మాత్ర రాయబోయినా, కలం ఆపి ఒక మాట అడిగేవాణ్ణి: సెలవులో ఉన్నప్పుడు కూడా నల్లగానే అయిందా?