ఎండబెట్టిన ఉర్లగడ్డలు

హాలహర్విలో బసవన్నకు తెలియని పంట లేదని పేరు. ఆ పేరు ఊరు పెట్టింది కొంత, తనకు తాను పెట్టుకున్నది కొంత. వేరుశనగ కాయను చెవి దగ్గర ఆడించి, ఇంకెంత ఎండ కావాలో చెప్పేవాడు. కాదన్నవాళ్ల కళ్లం దాకా వెళ్లి మరీ పోట్లాడేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ వానాకాలంలో జ్వరమొచ్చి అతని ఒక్కగానొక్క కూతురు, మూడేళ్ల శాంతమ్మ చనిపోయింది. భార్య తిమ్మక్క ఏడవలేదు. ఏడిపిద్దామని వచ్చిన ఆడవాళ్లే ఏడ్చి వెళ్లారు. ఆ తర్వాత ఆమె నీళ్లు తెమ్మంటే తెచ్చేది, కూర్చోమంటే కూర్చునేది. పొయ్యి మీద సంగటి మాడుతున్నా కదిలేది కాదు. బసవన్న కూడా పోట్లాడ్డం మానేశాడు. ఇంట్లో ఎదురుమాట లేనివాడికి ఊళ్లో మాత్రం ఎవరితో పోట్లాడబుద్ధవుతుంది?

ఒకప్పుడు ఆదోనిలో పత్తి షావుకారు ఇంటి పెళ్లిలో ఉర్లగడ్డ పల్యం, అంటే బంగాళాదుంప కూర తిని, తిమ్మక్క చాన్నాళ్లు దాని రుచే చెప్పుకుంది. అది గుర్తొచ్చి కార్తీకంలో ఆదోని వెళ్లాడు. షావుకారు అంగడిలో గుమాస్తా గురురాజను బతిమాలి, మొలకలొచ్చిన గడ్డలు తెచ్చుకున్నాడు. ఇంట పండినది నోరారా తింటే మళ్లీ మనుషుల్లో పడుతుందని ఆశ.

"ముక్కముక్కకూ ఒక కన్నుండేట్టు కోసి నాటప్పా," అని గురురాజ నేర్పించాడు. తవ్వినాక ఏం చేయాలో బసవన్న అడగలేదు. రైతై ఉండి గుమాస్తాను ఎన్నని అడుగుతాడు?

పెరట్లో మడి చేసి, ముక్కలకు బూడిద అద్ది నాటాడు. నీళ్లు పొయ్యమంటే తిమ్మక్క పోసేది. చాలనకపోతే పోస్తూనే ఉండేది.

మాఘంలో ఆకులు పండిపోయాక తవ్వితే గంపెడు గడ్డలు వచ్చాయి. తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"బాగుండాయా?"

"బాగుండాయి."

అంతే. ఇక బసవన్న తనకు తెలిసిన పని చేశాడు. మట్టిలోంచి వచ్చిందేదైనా ఎండలో ఆరాలి కదా! వేరుశనగలాగే మిద్దె మీద పరిచి, పొద్దున్నే తిరగేస్తూ వారం పాటు ఎండబెట్టాడు. చెవి దగ్గర ఆడించి కూడా చూశాడు. ఉర్లగడ్డ గలగలమంటుందా?

పక్కింటి గిడ్డయ్య మిద్దె ఎక్కి చూసి, "ఆకుల మాదిరి పచ్చగైతాండాయి కదన్నా," అన్నాడు.

"ఇంగా ఎండ సాల్లేదు, పో!" అని బసవన్న కసిరాడు. ఇన్నాళ్లకు ఎవరినో కసిరినందుకు లోలోపల సంతోషమేసింది.

చివరికి దగ్గరుండి తిమ్మక్కతో పల్యం చేయించాడు. ఆమెను కూడా పక్కన కూర్చోబెట్టుకుని, తానే వడ్డించాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు. ఎండకు పచ్చబడిన గడ్డలు కటిక చేదెక్కాయి. గొంతు మండిపోయింది. నీళ్లు తాగి చూస్తే, తిమ్మక్క తింటూనే ఉంది. సగం కంచం ఖాళీ అయింది.

"సేదుగా లేదా?"

ఆమె చెయ్యి ఆగింది. నాలుకను అడిగి చెబుతున్నట్టు కాసేపు చూసింది. "ఉందేమో."

"మరి ఎందుకు తింటాండావు?"

"నువ్వు పెట్టినావు కదా."

ఇన్ని నెలలూ తాను పెట్టిందంతా ఆమె ఇలాగే తిన్నదని బసవన్నకు అప్పుడు తెలిసింది. భయమేసింది. గబుక్కున కంచం లాక్కున్నాడు. తిమ్మక్క అడ్డు చెప్పలేదు. ఎంగిలి చేతిని ఒళ్లో పెట్టుకుని, తర్వాత ఏం చెయ్యమంటాడోనని అతని మొహంలోకి చూస్తూ కూర్చుంది.